నిజాం తోఫా ఇచ్చిన రెక్కలు, కంచన్‌బాగ్ కరిగించిన లోహం

మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1965లో దేశ రక్షణ కోసం 5,000 కిలోల బంగారం ఉచితంగా ఇచ్చేశారన్నది దాని సారాంశం. గుంటూరులో ఒక మామూ పంపితే, చీరాలలో ఒక ఖాలా దాన్ని ఒంగోలుకు పంపుతుంది. చదివినవాళ్లు "మాషా అల్లా" అని రాసి ఇంకో నలుగురికి పంపుతారు.

పత్రికలు ఆరా తీసి బయటపెట్టిన అసలు సంగతి వేరు. నిజాం 425 కిలోల బంగారాన్ని నేషనల్ డిఫెన్స్ గోల్డ్ బాండ్లలో పెట్టారు. వాటికి వడ్డీ 6.5 శాతం. దేశానికి బంగారం అవసరమైన రోజుల్లో పెట్టారు కాబట్టి అది మంచి పనే. కానీ అది పెట్టుబడి, ఖైరాత్ కాదు.

ఈ ముచ్చట ఎత్తడానికి కారణం ఉంది. మన తారీఖ్ గురించి ఫఖర్‌గా చెప్పుకోవాల్సి వస్తే మనకు ముందుగా గుర్తొచ్చేవి ఖజానా, వజ్రాలు, తోఫాలు. ఎవరు ఎంత ఇచ్చారన్నదే మన లెక్క. ఎవరు ఏం నేర్చుకున్నారు, ఏ హునర్ చేతికి తెచ్చుకున్నారు అన్న లెక్క మన ఇళ్లలో తక్కువ. ఆ రెండో లెక్కకు విమానం రెక్క మంచి ఉదాహరణ. అందులో నిజాం ఉన్నారు, హైదరాబాద్ ఉంది, మన గుంటూరు మాట కూడా కొంచెం ఉంది.

లండన్‌లో ఒక హైదరాబాదీ విమానం

లండన్ శివారు హెండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఉంది. అక్కడున్న పాత విమానాల్లో ఒకటి డీహెచ్-9ఏ రకానిది, నంబరు ఎఫ్-1010. దాని ఒంటి మీద హైదరాబాద్ నిజాం పేరు రాసి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు కావలసిన మొదటి విమానాలన్నీ నిజాం సొమ్ముతో వచ్చాయి. ప్రతి విమానం మీదా ఆయన తోఫా అని రాశారు. ఆ దళానికి 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడిపోయింది. ఎఫ్-1010 ఆ ఏడాది అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో మ్యూజియం వస్తువైంది, తర్వాత పోలండ్‌కు చేరింది, చివరికి మళ్లీ లండన్‌కు వచ్చింది.

బ్రిటిష్ వాళ్లు నిజాంకు ఇచ్చిన ఖితాబుల్లో ఒకటి 'యార్-ఎ-వఫాదార్', అంటే నమ్మకమైన దోస్తు. ఈ దోస్తీ తారీఖ్ మన జిల్లాలకు కొత్త కాదు. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చారు, ఫౌజు సాయం చేస్తామన్న మాట మీద. పాత దఫ్తర్లలో ముర్తజానగర్ అని కనిపించే గుంటూరు సర్కారు అప్పట్లో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. ఆయన 1782లో చనిపోయారు. 1788లో గుంటూరు కూడా కంపెనీ చేతికి పోయింది. అంటే వఫాదారీ ఖరీదు మొదట నేలతో కట్టాం, తర్వాత ఖజానాతో. ఆ ఖజానా కూడా ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. తెలంగాణలో, మరాఠ్వాడాలో పొలం దున్నిన రైతు కట్టిన పన్ను అది.

ఇక విమానం సంగతి. ఆ డీహెచ్-9ఏ అస్థిపంజరం కర్ర. దాన్ని తీగలతో బిగించి, పైన నార బట్ట చుట్టేవారు. బట్ట బిగుసుకోవడానికి, గాలి, నీళ్లు దూరకుండా ఉండటానికి 'డోప్' అనే వార్నిష్ పూసేవారు. దాన్ని సెల్యులోజ్ నుంచి తయారు చేసేవారు. సెల్యులోజ్‌కు మంచి ముడిసరుకు పత్తి గింజకు అంటుకుని మిగిలిపోయే నూగు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరాలుగా దూది ఏకిన మన నూర్‌బాషా పెద్దలకు ఆ నూగు బాగా తెలిసిన వస్తువే. కర్ర, బట్ట, పత్తి జిగురు: మొదటి రెక్కలు ఇవే. వాటికి వేడితో పెద్ద తకరార్ లేదు, అంత వేగం లేదు కాబట్టి.

సత్తు గిన్నె ఫౌలాద్ అయిన రోజు

తర్వాత వచ్చింది అల్యూమినియం. మన ఇళ్లలో సత్తు గిన్నె. గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1898లో, ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజినీరు మద్రాసు ఆర్ట్ స్కూల్లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. మన దేశంలో ఆ పరిశ్రమకు పునాది అక్కడే పడింది. రాగి దేగ్‌కు ఖలాయి పూయించాలి, బరువు మోయాలి. సత్తు గిన్నెకు ఆ బాధ లేదు. ఘనపు సెంటీమీటరుకు దాని బరువు 2.7 గ్రాములు. ఉక్కుకు దాదాపు 7.8, రాగికి దాదాపు 9.

కానీ సత్తు గిన్నె కింద పడితే సొట్ట పోతుంది. అంత మెత్తని లోహంతో విమానం కట్టలేరు. ఈ చిక్కు విప్పినవాడు ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్. 1906లో ఆయన అల్యూమినియంలో దాదాపు 4 శాతం రాగి, కాస్త మెగ్నీషియం, మాంగనీసు కలిపి, కాల్చి, నీళ్లలో చల్లార్చి పరీక్షించాడు. అప్పటికి పెద్దగా గట్టిపడలేదు. సెలవు గడిచాక మళ్లీ కొలిస్తే లోహం దానంతటదే గట్టిపడి ఉంది. లోపల రాగి పరమాణువులు నెమ్మదిగా గుంపులు కట్టి, లోహపు పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా అడ్డం పడ్డాయన్న సంగతి తర్వాత తేలింది. ఈ మిశ్రమానికి డ్యూరాలుమిన్ అని పేరు పెట్టారు. సత్తు గిన్నె తేలికదనం, ఉక్కుకు దగ్గరగా వచ్చే బలం. సబర్ చేస్తే గట్టిపడే లోహం అన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి విమానాలు దాదాపు లోహపువే. నిజాం పేరు మళ్లీ వాటి మీదికి ఎక్కింది. 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని ముద్రలో నిజాం దస్తార్, కింద 'నమ్మకమైన దోస్తు' అన్న అర్థం వచ్చే మాట. 253వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ స్టేట్ పేరే. ఆ స్పిట్‌ఫైర్లు ఇంగ్లండును కాపాడిన 1940 నాటి యుద్ధంలో ఎగిరాయి.

ఒక్క విషయం గమనించండి. 1918లో పైసా మనది, విమానం వాళ్లది. 1940లోనూ పైసా మనది, విమానం వాళ్లది. మధ్యలో 22 ఏళ్లు గడిచాయి. కర్ర పోయి లోహం వచ్చింది. ఆ లోహం ఎలా పుడుతుందో హైదరాబాద్‌కు మాత్రం తెలియలేదు. కొన్న వస్తువుకు మన పేరు పెట్టుకోవచ్చు గానీ, దాన్ని చేసే ఇల్మ్ పేరుతో పాటు రాదు.

వేడి అడిగిన సవాల్

యుద్ధం తర్వాత జెట్లు వచ్చాయి. వేగం పెరిగేకొద్దీ విమానం ఎదురుగాలిని నొక్కుతుంది, రాసుకుంటుంది, వేడెక్కుతుంది. డ్యూరాలుమిన్ బలమంతా లోపలి ఆ సన్నని గుంపుల్లో ఉంది కదా. 150, 200 డిగ్రీల దగ్గర ఎక్కువ గంటలు ఉంచితే ఆ గుంపులు ఒకదాన్నొకటి మింగి లావెక్కుతాయి. అడ్డుగోడల సంఖ్య తగ్గి లోహం మెత్తబడుతుంది. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గరే అయినా, దాని తాఖత్ అంతకంటే చాలా ముందే పోతుంది. కాంకార్డ్ విమానం శబ్దం కంటే రెండు రెట్లు దాటి పెద్దగా వేగం పెంచుకోకపోవడానికి ముఖ్య కారణం ఇదే. దాని ముక్కు దగ్గర వేడి 127 డిగ్రీలకు చేరేది. అంతకు మించితే వేడికి ఓర్చే ప్రత్యేక అల్యూమినియం మిశ్రమం కూడా సంవత్సరాల తరబడి నిలవదు.

అంతకంటే వేగం కావాలంటే ఇంకో ధాతువు కావాలి. అదే టైటానియం. బరువు 4.5, అంటే ఉక్కులో సగం కంటే కొంచెం ఎక్కువ. కరిగేది 1,668 డిగ్రీల దగ్గర. తుప్పు పట్టదు. 1960ల్లో అమెరికా తన గూఢచారి విమానం ఎస్‌ఆర్-71ను దాదాపు పూర్తిగా దీనితోనే కట్టింది. తమాషా ఏమిటంటే, అంత టైటానియం అమెరికా దగ్గర లేదు. ఎవరి మీద నిఘా వేయాలనుకుందో ఆ సోవియట్ రష్యా నుంచే దొంగ కంపెనీల పేర్లతో కొనుక్కుంది. తెచ్చుకున్నాక కూడా లోహం సతాయించింది. కాడ్మియం పూసిన పానాలతో బిగిస్తే బోల్టులు విరిగిపోయాయి. ఎండాకాలం మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలపడం వల్ల, ఆ నీళ్లతో కడిగిన అతుకులు త్వరగా పాడయ్యాయి. నఖ్రాలు ఎక్కువ ఉన్న లోహం ఇది.

ఇసుక నుంచి రెక్క దాకా

టైటానియం అరుదైనదేమీ కాదు. మన సముద్ర తీరాల్లో కొన్నిచోట్ల ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలు కలిసిన ఇసుక అలా ఉంటుంది. భీమునిపట్నం తీరంలో, కేరళ చవర తీరంలో ఇల్మనైట్ నిల్వలున్నాయి. ఖనిజం దొరకడం కష్టం కాదు, అందులోంచి లోహాన్ని విడదీయడమే ముష్కిల్. టైటానియం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని వదలదు. ఇనుములా బొగ్గు వేసి కొలిమిలో కాలిస్తే శుద్ధమైన లోహం రాదు.

లక్సెంబర్గ్‌కు చెందిన విల్‌హెల్మ్ క్రోల్ 1940 ప్రాంతంలో దీనికి దారి చూపాడు. మొదట క్లోరిన్‌తో కలిపి దాన్ని పొగలు కక్కే ద్రవంగా మారుస్తారు. ఆ ద్రవాన్ని గాలి చొరబడని ఉక్కు పాత్రలో, ఆర్గాన్ వాయువు మధ్య, కరిగిన మెగ్నీషియంలోకి వదులుతారు. మెగ్నీషియం క్లోరిన్‌ను లాక్కుంటుంది. మిగిలేది బూడిద రంగులో చిల్లులు చిల్లులుగా ఉండే ముద్ద. దాని పేరే టైటానియం స్పాంజ్.

గుంటూరు చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లు చూసినవాళ్లకు తర్వాతి పని సులభంగా అర్థమవుతుంది. వదులుగా ఉన్న దూదిని ప్రెస్సులో పెట్టి బేలు కట్టినట్టు, ఈ స్పాంజ్‌లో అల్యూమినియం, వెనేడియం వంటివి కలిపి భారీ ప్రెస్సులో దిమ్మెలుగా నొక్కుతారు. ఆ దిమ్మెలను అతికి, గాలి తీసేసిన కొలిమిలో కరెంటు మెరుపుతో కరిగిస్తారు. మామూలు మూసలో కరిగిస్తే టైటానియం ఆ మూసనే తినేస్తుంది. అందుకని బయట చల్లని నీళ్లు తిరిగే రాగి మూస వాడతారు. గోడకు తగిలిన లోహం వెంటనే గడ్డకట్టి, తనకు తానే గిన్నె అవుతుంది. లోపల తేడాలు లేకుండా ఉండాలని రెండు మూడుసార్లు కరిగిస్తారు.

తర్వాత వేడి చేసి సుత్తి దెబ్బ వేయాలి. ఇక్కడే అసలు ఇమ్తిహాన్. విమానాల్లో ఎక్కువగా వాడే మిశ్రమంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి. సుమారు 995 డిగ్రీల దగ్గర దాని లోపలి అమరిక మారిపోతుంది. ఆ గీత దాటి వేడి చేస్తే రేణువులు లావెక్కుతాయి. గీతకు మరీ కింద కొడితే పగుళ్లు వస్తాయి. దెబ్బ వేగం కూడా సరిగ్గా ఉండాలి. ఇంట్లో పాకం పట్టే అమ్మీకి తెలుసు, తీగపాకానికీ ముదురుపాకానికీ మధ్య ఉన్న టైం ఎంత తక్కువో. ఇది కూడా అలాంటిదే. గాలిలో ఎక్కువసేపు కాలిస్తే లోహం పైపొర ఆక్సిజన్ తాగి గట్టిపడి పెళుసవుతుంది. కల్లంలో అతిగా ఎండిన మిర్చి, పట్టుకుంటే తొడిమ దగ్గరే విరిగినట్టు, ఆ పొర చిట్లుతుంది. దాన్ని గీకి పారేయాల్సిందే.

ఈ 'ఎంత వేడి, ఎంత వేగం' అన్న ప్రశ్నకు పటం గీసిన శాస్త్రవేత్తల్లో వై.వి.ఆర్.కె. ప్రసాద్ ముఖ్యులు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్. 1984లో అమెరికన్ సహచరులతో కలిసి, ఒక టైటానియం మిశ్రమాన్ని ఏ వేడి దగ్గర ఎంత వేగంతో వంచితే సురక్షితమో చూపే పద్ధతి ప్రచురించారు. తర్వాత శశిధరతో కలిసి అనేక లోహాల పటాలను 1997లో ఒక గ్రంథంగా తెచ్చారు. ఉస్తాద్ చేతివాటంలో ఉండే హునర్‌ను లెక్కలోకి తెచ్చిన పని ఇది.

కంచన్‌బాగ్

ఇప్పుడు హైదరాబాద్‌కు రండి. సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట వైపు మనకు చుట్టాలు లేని కుటుంబం తక్కువ. ఆ పక్కనే కంచన్‌బాగ్. 1963లో ఏర్పడిన రక్షణ లోహ పరిశోధనాలయం, డీఎంఆర్‌ఎల్, అక్కడే ఉంది. 1973లో మిశ్ర ధాతు నిగమ్, అంటే మిధాని, స్థాపించారు. జర్మనీ, ఫ్రాన్స్ కంపెనీల సాంకేతిక సాయం తీసుకున్నారు. 1980ల మొదట్లో ఉత్పత్తి మొదలైంది. అదే కంచన్‌బాగ్‌లోని క్షిపణి పరిశోధనాలయానికి 1982లో డైరెక్టర్‌గా వచ్చినవారు ఏపీజే అబ్దుల్ కలాం సాబ్.

వాళ్ల ముందున్న సమస్య పైసా కాదు. పైసా ఇచ్చినా అమ్మరు. 1987లో పెద్ద దేశాలు కూడబలుక్కుని క్షిపణి సాంకేతికత మీద ఆంక్షలు పెట్టాయి. ప్రత్యేక లోహాలు, యంత్రాలు ఆగిపోయాయి. నిజాం కాలంలో తోఫా ఇచ్చేవాడికి తలుపులు తెరిచినవాళ్లే ఇప్పుడు కొనుక్కుంటామన్నా మూసేశారు. ఖజానాతో కాని పని వచ్చి పడింది.

ఆ రోజుల్లోనే డీఎంఆర్‌ఎల్‌లో ఒక విశేషం జరిగింది. మామూలు టైటానియం మిశ్రమాలు 600 డిగ్రీల దగ్గర అలసిపోతాయి. అంతకుమించి నిలవాలంటే టైటానియం, అల్యూమినియం పరమాణువులు వరుస తప్పకుండా కూర్చున్న అల్యూమినైడ్‌లు కావాలి. వాటికి వేడి తట్టుకునే గుణం ఉంది గానీ, గాజులా పెళుసు. నయోబియం కలిపి ఆ పెళుసుతనం తగ్గించే ప్రయత్నంలో దీపాంకర్ బెనర్జీ, ఆయన సహచరులు అంతవరకూ ఎవరూ గుర్తించని కొత్త అమరికను కనిపెట్టారు. 1988లో ప్రచురించారు. దానికి ఓ-ఫేజ్ అని పేరు. ప్రపంచంలో ఈ తరహా లోహాల మీద పనిచేసేవాళ్లందరూ ఆ హైదరాబాద్ పేపర్ దగ్గర ఆగాల్సిందే. బెనర్జీ తర్వాత డీఎంఆర్‌ఎల్‌కు డైరెక్టర్ కూడా అయ్యారు.

స్పాంజ్ విషయంలో ఇంకా సబర్ పట్టాల్సి వచ్చింది. దాన్ని తయారు చేసే పద్ధతిని డీఎంఆర్‌ఎల్ ఏళ్ల తరబడి సాధించింది. ఆ పద్ధతితో, ఇస్రో పెట్టుబడితో, కేరళ చవరలో ఏడాదికి 500 టన్నుల ప్లాంటు 2011లో మొదలైంది. ఇసుక మనది, ఇల్మ్ మనది, లోహం మనది. ఈ రోజు ఇస్రో రాకెట్లలో అధిక పీడనం గ్యాసు నింపే గోళాలు టైటానియం మిశ్రమంతో చేసినవే. మిధాని విరిగిన ఎముకలకు వేసే టైటానియం ఇంప్లాంట్లు కూడా చేస్తుంది. తుప్పు పట్టని, తేలికైన లోహం ఒంట్లో కూడా ఇమిడిపోతుంది కదా.

రెండో ఫర్మానా

మళ్లీ నిజాం దగ్గరికి వస్తాను. ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. విమానాలు తోఫా ఇచ్చిన ఆ రోజుల్లోనే, 1917లో, ఆయన ఇంకో ఫర్మానా మీద దస్తఖత్ చేశారు. ఉస్మానియా యూనివర్సిటీ స్థాపనకు. ఉర్దూలో సైన్సు చదువు చెప్పాలంటే పుస్తకాలు కావాలి కాబట్టి దారుల్ తర్జుమా ఏర్పాటైంది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి నాజిం. భౌతిక, రసాయన శాస్త్రాల పుస్తకాలు తర్జుమా చేశారు. నాలాంటి ఉర్దూ మీడియం పిల్లలకు మిశ్రమ లోహం 'భరత్' అన్న పేరుతో, లోహం 'ధాత్' అన్న పేరుతో పరిచయమయ్యాయి. తెలుగు చదివాక తెలిసింది, మా ధాత్, తెలుగు ధాతువు, మిధాని బోర్డు మీదున్న ధాతు, మూడూ ఒకటేనని.

1944లో హైదరాబాద్ స్టేట్ శాస్త్ర పారిశ్రామిక పరిశోధనకు కేంద్ర ప్రయోగశాలలు పెట్టింది. స్వాతంత్ర్యం తర్వాత అది ప్రాంతీయ పరిశోధనాలయమైంది. దాన్ని నడిపిన సయ్యద్ హుసేన్ జహీర్ సాబ్ తర్వాత దేశం మొత్తానికి సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఉస్మానియా నుంచి కంచన్‌బాగ్‌కు తిన్నని గీత గీయలేం. మధ్యలో కేంద్ర ప్రభుత్వం ఉంది, దేశం నలుమూలల నుంచి వచ్చిన మనుషులున్నారు. కానీ తాలీమ్ మీద, లాబొరేటరీ మీద పెట్టిన సొమ్ము ఈ ఊళ్లోనే మిగిలింది, పెరిగింది. విమానాల మీద పెట్టిన సొమ్ము హెండన్ మ్యూజియంలో ఒక పేరై మిగిలింది. ఒకే మనిషి, ఒకే కాలం, రెండు దస్తఖత్‌లు. ఏది ఎక్కువ కాలం పనికొచ్చిందో మీరే చెప్పండి.

ఇది పాత ముచ్చటగా వదిలేసే సంగతి కాదు. మన ఇళ్లలో ఇంటర్ పాసైన పిల్లలకు కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో చదువు ఉందని చెప్పేవాళ్లు తక్కువ. వరంగల్ ఎన్‌ఐటీలో, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో, నూజివీడు ట్రిపుల్ ఐటీలో మెటలర్జీ బ్రాంచి ఉంది. ర్యాంకు కాస్త తగ్గినా సీటు రావచ్చు. ఐటీఐ చేసిన పిల్లలను మిధాని అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. మోటారు షెడ్డులో వెల్డింగ్ చేసే కుర్రాడికి, సైకిల్ రిపేరు చేసే బాబాయి కొడుక్కి లోహం అంటే భయం ఉండదు. వాళ్ల చేతిలో ఉన్న హునర్‌కు నాలుగేళ్ల చదువు జోడిస్తే చాలు. ఆడపిల్లలకూ ఇది దూరమైన పని కాదు. మైక్రోస్కోపులో రేణువు చూడటానికి కండబలం అక్కర్లేదు.

ఒవైసీ హాస్పిటల్ జంక్షన్ నుంచి మిధాని వైపు వెళ్లే ఫ్లైఓవర్‌కు అబ్దుల్ కలాం పేరు పెట్టారు. చుట్టాలను చూడటానికి పాతబస్తీ వెళ్లినప్పుడు మన పిల్లలు దాని మీదుగా ఎన్నోసార్లు వెళ్తారు. కింద ఆ ప్రహరీ గోడల వెనక ఏం జరుగుతుందో వాళ్లకు చెప్పండి. బంగారం మెసేజ్ వస్తే 425 కిలోల అసలు లెక్క రాయండి. దాని కిందే 1988 నాటి ఓ-ఫేజ్ సంగతి కూడా రాసి పంపండి.